చేతిలో చరవాణి... చెప్పుకోవడానికెవరు?

* భయపెట్టే ఉపన్యాసాలతో బాలలకు రక్షణ కరవు
* అంతర్జాల పాఠానికి ఏడాదికొక పూట చాలదు
* ఉప్పల్, నాచారం బడుల ముందు పెద్ద బాధ్యత

ఉప్పల్, నాచారం: భాగ్యనగరానికి తూర్పు ముఖద్వారం ఉప్పల్. దానిని ఆనుకొని ఉన్నది నాచారం. ఉదయం ఎనిమిది గంటల వేళ ఈ రెండు ప్రాంతాల రహదారులు బడి బస్సులతో, ఆటోలతో కిక్కిరిసిపోతాయి. ఒకవైపు సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి జాతీయ పరిశోధన సంస్థలు, మరోవైపు నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలు. శాస్త్రవేత్త బిడ్డ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బిడ్డ, కార్మికుని బిడ్డ ఇక్కడ పక్కపక్క వీధుల్లోనే పెరుగుతారు. వారు చదివే బడులు వేరు, తల్లిదండ్రులు చెల్లించే రుసుములు వేరు. చేతిలోని తెర మాత్రం ఒకటే. దాని గుండా ఇంట్లోకి వచ్చే ఆపదలూ ఒకటే.

ఈ ఆపదల గురించి విద్యార్థులకు ఎవరూ చెప్పడం లేదనడం సత్యదూరం. పోలీసులు చెబుతున్నారు, ఉపాధ్యాయులు చెబుతున్నారు, ఇంట్లో పెద్దలూ మందలిస్తున్నారు. అయితే ఈ బోధ ఫలించినదా లేదా అనేందుకు గీటురాయి ఒక్కటే. ఆపద ఎదురైన మొదటి గంటల్లో ఆ బాలుడు గానీ బాలిక గానీ నోరు విప్పి ఒక పెద్ద మనిషికి చెప్పుకోగలుగుతున్నారా? ‘చెబితే ఫోన్ లాక్కుంటారు, కొడతారు, బడిలో పరువు పోతుంది’ అన్న భయం ఉన్నంత కాలం ఎన్ని సదస్సులు జరిపినా ప్రయోజనం స్వల్పమే.

నెట్ కేంద్రాల నాటి సలహా

ఇరవై ఏళ్ల కిందట బాలలు అంతర్జాలం చూడాలంటే వీధి చివరి నెట్ కేంద్రానికి వెళ్లవలసి వచ్చేది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే అది అందరికీ ఉమ్మడి ఆస్తి. ‘కంప్యూటర్‌ను హాలులో పెట్టండి, పిల్లలు ఏం చూస్తున్నారో కనిపెట్టండి’ అన్నది ఆనాటి నిపుణుల సలహా. 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు కూడా ఇదే దృష్టితో రూపొందాయి. గుర్తింపు కార్డు లేని మైనర్ల వెంట పెద్దలు ఉండాలని, సంరక్షకులు తోడు లేకుండా వారిని చాటు గదుల్లో కూర్చోబెట్టరాదని ఆ నిబంధనలు శాసించాయి.

ఆ చాటు గది నేడు అరచేతిలోకి వచ్చి చేరింది. కరోనా కాలం ఈ మార్పును వేగిరపరచింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ప్రభుత్వ బడుల విద్యార్థులకు దూరదర్శన్, టీశాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు ఫోన్ల ద్వారానే తరగతులు నడిపాయి. అప్పటివరకు ‘ఫోన్ ముట్టుకోవద్దు’ అన్న తల్లిదండ్రులే అప్పు చేసి మరీ ఫోన్ కొనిచ్చారు. బడులు తిరిగి తెరుచుకున్నాయి గానీ ఫోన్లు వెనక్కి వెళ్లలేదు. వాడకం నేర్పకుండానే వస్తువును చేతికిచ్చిన తీరు అది. హాలులో కంప్యూటర్ నాటి కాపలా ఇప్పుడు పనికిరాదు. పక్కన ఎవరూ లేనప్పుడు కూడా బాలలకు తోడుండేది వారి వివేకం ఒక్కటే.

అంబర్‌పేట చెప్పిన గుణపాఠం

ఉప్పల్‌కు కూతవేటు దూరంలో ఉన్న అంబర్‌పేటలో 2022లో వెలుగు చూసిన ఉదంతం నగరాన్ని విస్మయపరచింది. పదహారేళ్ల బాలుడు తాతగారి ఫోన్‌లో ఫ్రీఫైర్ ఆట ఆడుతూ, ఆటలోని ఆయుధాలు, హంగుల కోసం మొదట చిన్న మొత్తాలు, తరువాత పెద్ద మొత్తాలు చెల్లిస్తూ పోయాడు. తల్లి ఖాతాల్లోని సుమారు రూ.36 లక్షలు హరించుకుపోయాయి. ఆ సంగతి ఆమెకు తెలిసినది బ్యాంకుకు వెళ్లిన తరువాతే. ఆమె సైబర్ క్రైమ్ పోలీసులను ఆశ్రయించారు.

ఈ ఘటనలో బయటి మోసగాడెవరూ బాలుడిని బెదిరించలేదు, ఓటీపీ అడగలేదు. చెల్లింపులు మొదలైన దశలోనే అతడు ఇంట్లో చెప్పి ఉంటే నష్టం అక్కడితో ఆగేది. చెప్పలేకపోయిన ప్రతి రోజూ తప్పు పెద్దదయింది, తప్పు పెద్దదయిన కొద్దీ చెప్పడం మరింత కష్టమయింది. బాలల విషయంలో అంతర్జాల ఆపదలన్నింటికీ మూలసూత్రం ఇదే. ఆటల్లో పోయిన సొమ్మయినా, అపరిచితునికి పంపిన ఫొటో అయినా నష్టాన్ని పెంచేది మౌనమే.

డబ్బు పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు సైతం దేశవ్యాప్త నిషేధానికి చట్టం చేసింది. అయితే ఈ చట్టాలు గెలుపు సొమ్ము ఆశతో కాసే పందేలను ఉద్దేశించినవి. ఆటలో తుపాకీకో, వేషానికో డబ్బు చెల్లించడం వాటి పరిధిలోకి రాదు. అక్కడ బిడ్డకు రక్ష ఇంటివారి జాగ్రత్త, బడి నేర్పిన పాఠమే.

అంకెలు చెబుతున్న నిజం

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో బాలలపై సైబర్ నేరాల కేసులు 2021లో 1,376 కాగా 2022లో 1,823కు చేరాయి. ఒక్క ఏడాదిలో పెరుగుదల 32 శాతం. ఇవి ఠాణా గడప తొక్కిన కేసులు మాత్రమే. ఇంట్లోనే అణగిపోయినవి ఈ లెక్కలోకి రావు.

బాలల పరిజ్ఞానం ఏపాటిదో ‘అసర్ 2024’ సర్వే కొంత తేటతెల్లం చేసింది. గ్రామీణ భారతంలో 14-16 ఏళ్ల వారిలో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. సర్వేకు ముందు వారంలో దానిని చదువు కోసం వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. ఆ మాధ్యమాలు వాడే వారిలో వేధించేవారి ఖాతాను అడ్డుకోవడం లేదా ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం కాగా, తమ ఖాతాను ఇతరులకు కనిపించకుండా గోప్యంగా ఉంచుకోవడం తెలిసినవారు 55 శాతమే. అంటే దాదాపు సగం మంది తలుపు గడియ వేయడం తెలియకుండానే ఇంట్లో కాపురం ఉంటున్నారు. ఇవి పల్లెల లెక్కలే. అయినా ఉప్పల్, నాచారం బడులు తమ విద్యార్థులను ఇవే ప్రశ్నలు అడిగి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఒక్క పీరియడ్ చాలు.

బాధితులే కాదు... బాధ్యులూ

బాలలకు అంతర్జాల భద్రత అనగానే వారిని బాధితులుగా మాత్రమే చూడటం పరిపాటి అయింది. నేరానికి పాల్పడేవారు కూడా కొన్నిసార్లు అదే తరగతి గదిలో ఉంటారన్న వాస్తవం మింగుడుపడనిది. స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో పట్టణంలో 2023లో ఇరవై మందికి పైగా బాలికల ఫొటోలను కృత్రిమ మేధతో నగ్నచిత్రాలుగా మార్చి పంచుకున్న ఉదంతం ప్రపంచాన్ని కలవరపెట్టింది. చేసినవారు అపరిచితులు కారు, తోటి బడి పిల్లలు. 2024 జులైలో అక్కడి న్యాయస్థానం పదిహేను మంది మైనర్లను ఏడాది పాటు పర్యవేక్షణలో ఉంచాలని, సాంకేతికతను బాధ్యతగా వాడటంపై వారికి పాఠాలు చెప్పాలని ఆదేశించింది. ఆ పాఠాలు నేరానికి ముందే అందవలసినవి.

మన చట్టం ఈ విషయంలో కఠినంగానే ఉంది. వేరొకరి పేరుతో ఖాతా తెరిచి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద, ఒకరి ఏకాంత దృశ్యాలను అనుమతి లేకుండా తీయడం, పంచడం 66ఇ కింద నేరాలు. బాలల అశ్లీల దృశ్యాలను తయారు చేసినా, చేరవేసినా 67బి సెక్షన్ కింద మొదటిసారి నేరానికే అయిదేళ్ల వరకు జైలు, రూ.10 లక్షల వరకు జరిమానా ఉంటాయి. ఇటువంటి దృశ్యాలను తొలగించకుండా, అధికారులకు తెలపకుండా ఉద్దేశపూర్వకంగా దాచి ఉంచుకోవడమూ పోక్సో చట్టం కింద నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తీర్పు చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండనివారు నిందితులైతే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలవవలసి వస్తుంది. ‘నేను తీయలేదు, వచ్చినది ముందుకు పంపాను’ అనే సమాధానం అక్కడ చెల్లదు. ఈ సంగతి తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

వదంతుల విషయమూ ఇంతే. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో చెలరేగిన పుకార్లు తెలంగాణలో ప్రాణాలు తీశాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ మూక దాడికి బలయ్యారు. ఆ సందేశాలను పంపినవారిలో ఎక్కువ మంది మంచి చేస్తున్నామనే అనుకొని ఉంటారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. నేడు వేలు జారినా అంతే.

సైబర్ కాంగ్రెస్ దారి చూపినా...

తోటి విద్యార్థుల చేతనే విద్యార్థులకు చెప్పించే ప్రయత్నం రాష్ట్రంలో జరగకపోలేదు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ, ‘యంగ్ లీడర్స్ ఫర్ యాక్టివ్ సిటిజన్‌షిప్’ సంస్థ కలిసి 2021లో ‘సైబర్ కాంగ్రెస్’ కార్యక్రమం చేపట్టాయి. 33 జిల్లాల్లోని 1,650 ప్రభుత్వ పాఠశాలల నుంచి బడికి ఇద్దరు చొప్పున 3,300 మందిని సైబర్ రాయబారులుగా తీర్చిదిద్దడం దాని లక్ష్యం. పెద్దలకు చెప్పలేనిది స్నేహితునికి చెప్పుకుంటారన్న మనస్తత్వం ఎరిగిన ఆలోచన ఇది. మెచ్చదగినదే.

అయితే రెండు పరిమితులు గమనించాలి. ఆనాడు శిక్షణ పొందిన ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు ఈపాటికి బడి దాటి వెళ్లిపోయారు. రాయబారులు ఏటా మారకుంటే బడిలో ఆ దీపం కొండెక్కుతుంది. రెండోది, ఆ కార్యక్రమం ప్రభుత్వ పాఠశాలలను ఉద్దేశించినది. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ వంటి చోట్ల విద్యార్థుల్లో పెద్ద భాగం ప్రైవేటు బడుల్లో ఉన్నారు. వారి మాటేమిటి? సీబీఎస్‌ఈ 2020లోనే ఉన్నత తరగతుల కోసం సైబర్ భద్రత కరదీపిక వెలువరించింది. హైదరాబాద్‌లోని సీడాక్ కేంద్రం సమాచార భద్రత అవగాహన పథకం కింద విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు పాఠ్య సామగ్రిని ఏళ్లుగా రూపొందిస్తోంది. సామగ్రికి కొరత లేదు. కాలనిర్ణయ పట్టికలో చోటుకే కొరత.

పరువు చాటున నేరం

బడి యాజమాన్యాలు ఎదుర్కోవలసిన చేదు నిజం మరొకటి ఉంది. బాలికపై ఆన్‌లైన్ లైంగిక వేధింపు జరిగిందని తెలిసినప్పుడు ‘బడి పేరు చెడుతుంది, లోలోపల సర్దుకుందాం’ అనే ధోరణి కానవస్తుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇటువంటి నేరం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాల్సిందే. తెలపనివారికి 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. మరోవైపు బాధిత బాలల పేరు, బడి, ఫొటో బయటపెట్టడం కూడా నేరమే. అంటే చెప్పవలసిన చోట చెప్పాలి, చెప్పకూడని చోట మౌనం వహించాలి. చట్టం కోరేది ఇంతే. ఆచరణలో మాత్రం తరచూ తలకిందులవుతోంది. పోలీసులకు చేరని సంగతి తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో చక్కర్లు కొడుతుంది. ఒక బాలికకు జరిగిన ఈ అవమానం చూసిన తక్కిన బాలికలు ఇక ఎన్నటికీ పెదవి విప్పరు.

బడులు స్వయంగా పాటించవలసిన మర్యాద కూడా ఉంది. వార్షికోత్సవం, క్రీడోత్సవం, ర్యాంకుల ప్రకటన పేరిట విద్యార్థుల ఫొటోలు పేరు, తరగతి సహా బహిరంగ పుటల్లో పెట్టడం ఆనవాయితీగా మారింది. ‘ఫొటోలు పంచుకోవద్దు’ అని పొద్దున ప్రార్థన వేళ చెప్పిన బడే మధ్యాహ్నం వారి ఫొటోలు లోకానికి పంచితే ఆ బోధకు విలువేముంటుంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి తప్పనిసరి చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు ముగిసేదాకా వేచి చూడకుండా బడులు ఇప్పుడే మేల్కొనడం శ్రేయస్కరం.

పాఠం ఎలా ఉండాలి?

ఏడాదికొకసారి ఆవరణలో వందల మందిని ఎండలో కూర్చోబెట్టి మైకులో హెచ్చరికలు వినిపిస్తే అది సభ అవుతుంది గానీ పాఠం కాదు. ఈత నేర్పాలంటే నీళ్లలోకి దింపాలి. నెలకు ఒక పీరియడ్ కేటాయించి, వయసును బట్టి పాఠాన్ని విభజించడం ఏ బడికీ అసాధ్యం కాదు.

మూడు నుంచి అయిదు తరగతుల వారికి నేర్పవలసినది స్వల్పం. ఇంటి చిరునామా, బడి పేరు, ఫొటో తెలియనివారికి పంపరాదు. బెరుకు పుట్టించేది ఏది కనిపించినా ఫోన్ బోర్లించి పెద్దలను పిలవాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారి చేత పనులు చేయించాలి. బలమైన పాస్‌వర్డ్ పెట్టడం, ఖాతాను గోప్యంగా మార్చడం, వేధించేవారిని అడ్డుకోవడం, ఫిర్యాదు పంపడం తెరపై చూపి సాధన చేయించాలి. చాలా సామాజిక మాధ్యమాల్లో కనీస వయసు 13 ఏళ్లు. అంతకంటే చిన్నవారు తప్పుడు పుట్టిన తేదీతో ఖాతాలు తెరుస్తున్నారన్నది అందరికీ తెలిసిన రహస్యం. దాని పర్యవసానం మాత్రం కొందరికే తెలుసు. ఇన్‌స్టాగ్రామ్ టీనేజర్ల కోసం ప్రత్యేక రక్షణలున్న ఖాతాలను 2025 ఫిబ్రవరిలో భారత్‌లో ప్రవేశపెట్టింది. పెద్దవారినని అబద్ధం చెప్పిన బాలలకు ఆ రక్షణలు వాటంతట అవి వర్తించవు. వయసు దాచుకున్న బిడ్డ తన గొడుగును తానే మూసుకున్నట్లు.

తొమ్మిది, పది తరగతుల వారితో దాపరికం లేకుండా మాట్లాడాలి. స్నేహం నటించి ఫొటో రాబట్టి, ఆపై డబ్బు కోసమో, మరిన్ని ఫొటోల కోసమో బెదిరించే ముఠాల తీరు వివరించాలి. ఒకసారి డబ్బు చెల్లిస్తే బెదిరింపు ఆగదని, మళ్లీ అడుగుతారని చెప్పాలి. సందేశాలు చెరిపివేయకుండా ఆధారంగా ఉంచాలని, అవతలి వ్యక్తి ఖాతా వివరాలు భద్రపరచాలని నేర్పాలి. అన్నింటికీ మించి ‘ఫొటో పంపడం నీ పొరపాటే కావచ్చు. బెదిరించడం మాత్రం వాడి నేరం. నీవు మాతో చెప్పు’ అనే మాట ఉపాధ్యాయుని నోట వినిపించాలి. ఆ ఒక్క మాట కొన్ని ప్రాణాలు నిలబెడుతుంది.

ఈ పాఠం కంప్యూటర్ ఉపాధ్యాయునికి వదిలేయదగినది కాదు. తెలుగు వాచకం చెప్పే పంతులమ్మ అయినా, సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారు అయినా పిల్లలు ఎవరిని నమ్ముతారో వారే చెప్పాలి. ప్రతి బడిలో ‘ఆపద వస్తే వీరికి చెప్పండి’ అని ఒక ఉపాధ్యాయిని, ఒక ఉపాధ్యాయుని పేర్లు గోడపై రాసి ఉంచాలి. చెప్పినవారిని శిక్షించబోమని యాజమాన్యం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఖర్చు లేని సంస్కరణ ఇది.

నిషేధమే మార్గమా?

పదహారేళ్ల లోపు వారు సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు కలిగి ఉండరాదని ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. అటువంటి నిషేధం ఇక్కడా ఉండాలన్న వాదన బలపడుతోంది. వయసు పరిమితి వల్ల కొంత మేలు ఉండవచ్చు. అయితే ఒక్క ఫోన్‌ను ఇంటిల్లిపాదీ పంచుకునే కుటుంబాల్లో ఖాతా తండ్రిది, చూసేది కొడుకు. పారిశ్రామికవాడల్లో రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి నిద్రపోతుండగా ఆ ఫోన్, అందులోని యూపీఐ, బ్యాంకు ఖాతా అన్నీ పిల్లల చేతుల్లోనే ఉంటాయి. నిషేధం ఆ గడప లోపలికి ఎలా చేరుతుంది? చట్టం వచ్చినా రాకున్నా బిడ్డకు వివేకం నేర్పక తప్పదు.

ఇంటివారి వంతు కూడా చిన్నది కాదు. యూపీఐ రహస్య సంఖ్య పిల్లలకు చెప్పకపోవడం, చెల్లింపుల సందేశాలను రోజూ సరిచూసుకోవడం, రాత్రి ఫోన్లన్నీ ఒకే చోట ఛార్జింగుకు పెట్టడం వంటివి చదువు రానివారు సైతం పాటించగలిగిన జాగ్రత్తలు. బిడ్డ తప్పు చెప్పుకున్న రోజున చెయ్యి ఎత్తకుండా వినడం వీటన్నింటి కన్నా కష్టమైనది, అవసరమైనది. ఆ రోజు దెబ్బ పడితే రెండోసారి ఆ బిడ్డ ఇంటి గడపలో ఏమీ చెప్పదు. అంతర్జాలంలో తనను మెచ్చుకునే అపరిచితునితోనే చెప్పుకుంటుంది.

ఆపద వేళ ఏం చేయాలి?

* డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును మధ్యలోనే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.
* బాలల వేధింపులపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో వివరాలు వెల్లడించకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.
* బాలల సహాయ కేంద్రం నంబరు 1098. తక్షణ ప్రమాదం ఉంటే 112.
* మైనర్ల నగ్నచిత్రాలు అంతర్జాలంలోకి చేరతాయన్న భయం ఉంటే అమెరికాకు చెందిన బాలల సంస్థ నడుపుతున్న ‘టేక్ ఇట్ డౌన్’ సేవ ఉపయోగపడుతుంది. చిత్రాన్ని ఎవరికీ పంపనక్కరలేదు. దాని సంకేత ముద్ర మాత్రమే నమోదవుతుంది. ఒప్పందం ఉన్న మాధ్యమాలు దాని ఆధారంగా చిత్రాన్ని తొలగిస్తాయి.
* సందేశాలు, నంబర్లు, ఖాతా పేర్లు చెరిపివేయరాదు. బెదిరించినవారికి డబ్బు చెల్లించరాదు.